కొట్టంలో పిడుదు, కచేరీలో చట్టం

పశువు, పల్లె, ప్రభుత్వం: చిత్తూరు సీమ కథ – 9వ భాగం

గత భాగంలో ముసర రోగం అడుగుజాడల్లో నడిచాం. 1866లో మద్రాసు ప్రభుత్వం పశువ్యాధుల చట్టం చెయ్యడం, 1871లో పశువుల తెగుళ్ల మీద కమిషన్ నివేదిక రావడం, ఆ వెనకే 1876–78 నాటి ధాత కరువు ఉత్తర ఆర్కాటు, కడప సీమల మీద విరుచుకుపడడం చూశాం. కసువు లేక ఎముకల గూళ్లయిన మందల్లో కరువుకు చిక్కినవి కొన్ని, తెగుళ్లకు చిక్కినవి కొన్ని. రోగం పుట్టిన ఊరి నుంచి పశువును కదలనియ్యకూడదన్న ఆలోచన మన సీమకు చట్టం రూపంలో వచ్చింది ఆ రోజుల్లోనే.

ఈ భాగంలో చెప్పుకోబోయే శత్రువు ముసర లాగా ఒక్క వారంలో కొట్టం ఖాళీ చేసేది కాదు. ఆకలిగా ఉన్నప్పుడు నువ్వుగింజంత ఉంటుంది. నెత్తురు తాగి ఉబ్బితే ఆముదం గింజంత అవుతుంది. లాటిన్ భాషలో పిడుదుకూ ఆముదానికీ ఒకటే మాట, రిసినస్. నిండుగా తాగిన పిడుదును అరచేతిలో పెట్టుకుని చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

తూర్పు జిల్లాల్లో గోమారి అంటారు. మన దగ్గర పిడుదు. బ్రౌన్ నిఘంటువుకు కూడా ఎక్కిన పాత మాట ఇది. కుప్పం, పలమనేరు వైపు, తమిళ కన్నడాల గాలి తగిలే పల్లెల్లో ఉణ్ణి అన్నా అర్థమవుతుంది. మూడు భాషల రైతులూ పేరు పెట్టి పిలిచే ఈ పురుగు మీద వందేళ్ల పైచిలుకు ప్రభుత్వ కాగితాల్లో ఎందుకంత మౌనం? ఈ భాగం మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పొద్దుగూకిన తర్వాత కొట్టం ఎలా ఉండేదో ముందు చెప్పాలి. మా అవ్వ బుడ్డిదీపం పక్కన పెట్టుకుని ఆవు ముందర కూర్చునేది. కొబ్బరిచిప్పలో కాస్త కిరసనాయిలు. చెవి లోపలి మడత, గంగడోలు కింద, తోక మొదలు, పొదుగుకూ తొడకూ నడుమ సందు, ఇవీ ఆమె వేళ్లు వరసగా వెతికే చోట్లు. ఒక్కొక్కటే పట్టి, మెలితిప్పి, తల విరగకుండా లాగి చిప్పలో వేసేది. మేము కాలితో తొక్కబోతే కోప్పడేది. "తొక్కితే ఒకటి చచ్చి నూరు లేస్తాయి" అనేది. అది మూఢనమ్మకం అనుకున్నాం చిన్నప్పుడు. గుడ్లతో నిండిన ఆడపిడుదును కొట్టం మట్టిలో చితకడం మంచిది కాదని పశువైద్యులూ చెబుతారని తర్వాత తెలిసింది.

దాని బతుకు చూడండి. మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే రకం పిడుదు పిల్లగా గడ్డిపోచ ఎక్కి కాచుకుంటుంది. పశువు ఒరుసుకుని పోతుంటే పట్టుకుంటుంది. ఆ తర్వాత సుమారు 3 వారాలు అదే పశువు ఒంటి మీద పెరిగి, జతకట్టి, కడుపు నిండా తాగి నేల మీద రాలుతుంది. రాలిన ఒక్క ఆడపిడుదు 2,000 నుంచి 3,000 దాకా గుడ్లు పెడుతుంది. ఇంకో రకం ఉంది. అది ఒక ఆవును వదిలి ఇంకో ఆవును పడుతుంది. నడుమ రోజుల్లో మట్టిగోడ నెర్రెల్లో, గాడి సందుల్లో దాక్కుంటుంది. అంటే ఆవును ఎంత శుభ్రం చేసినా కొట్టం గోడ మళ్లీ పిడుదులను కంటుంది. ఈ ఒక్క సంగతిని పట్టించుకోకపోవడం వల్లే, ముందు చెప్పబోయే ప్రయత్నాలు చాలావరకు నీరుగారిపోయాయి.

అయితే పాతకాలంలో మన రైతు దీన్ని తెగులుగా లెక్కపెట్టలేదు. కారణం ఉంది. పుంగనూరు పొట్టి ఆవు గాని, ఒంగోలు గిత్త గాని, ఊరి నాటు పశువు గాని వేల ఏళ్లుగా పిడుదుతో కలిసి బతికినవి. పొట్టి వెంట్రుక, బిగువైన చర్మం, ఈగ వాలినా జలదరించే ఒళ్లు, నాలుకతో నాక్కునే అలవాటు, వీటన్నిటికీ మించి పిడుదు కాటును ఎదిరించే లోపలి బలం. పిడుదు మోసుకొచ్చే జ్వరాలు వాటికి దూడగా ఉన్నప్పుడే సోకి, తట్టుకుని, ఒంట్లో కాపు పెట్టుకుని పోయేవి. నెత్తురు పోయేది, పాలు కాస్త తగ్గేవి. చావు మాత్రం అరుదు. పల్లె దాన్ని ఎండనూ దుమ్మునూ భరించినట్టే భరించింది.

భరించిందంటే చేతులు ముడుచుకుని కూర్చుందని కాదు. కానుగ నూనె, వేపనూనె పూసేవాళ్లు. సీతాఫలం గింజలు నూరి పట్టించేవాళ్లు. పొగాకు నానబెట్టిన నీళ్లు చల్లేవాళ్లు. కొట్టంలో వేపాకు పొగ పెట్టేవాళ్లు. కనుమ పండగ రోజైతే మన సీమలో పశువుదే రాజ్యం. చెట్ల చెక్కలు, ఆకులు, ఉప్పు కలిపి దంచిన మందు గొంతులో పోసి, చెరువులో తోమి కడిగి, కొమ్ములకు రంగులేసేవాళ్లు. సాయంత్రం ఊరి బయట కాటమరాజు రాయి ముందర చిట్లాకుప్పకు నిప్పు పెట్టి ఆ మంట దగ్గర పశువులను అదిలించేవాళ్లు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో చేస్తున్నారు. చంద్రగిరి పక్క రంగంపేటలో జరిగే పశువుల పండగకు జనం ఎంత కూడుతారో ఈ సీమవాళ్లకు తెలుసు.

ఆ కాటమరాజు ఎవరో ఒక్క మాట. 13వ శతాబ్దంలో మేత భూముల మీద పన్ను, అంటే పుల్లరి విషయంలో నెల్లూరు పాలకులతో తలపడిన గొల్లల వీరుడిగా ఆయనను కథ చెప్పుకుంటుంది. మేత ఎవరిది, దాన్ని ఎవరు అదుపు చెయ్యాలి అన్న తగవు ఈ నేల మీద ఏడు వందల ఏళ్ల నాటిది. పశువుల మంట ముందర ఆయన రాయి నిలబడి ఉండడం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

నిప్పు ఆరిన చోట

ఆ తగవు ఇంగ్లీషువాళ్ల కాలంలో కొత్త రూపం ఎత్తింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. శేషాచలం కొండలు, పలమనేరు, కుప్పం అడవులు ఒక్కొక్కటిగా రిజర్వు గీతల లోపలికి పోయాయి. మేతకు అనుమతి చీటీ, దానికి రుసుము. అనుమతి లేని చోట ఆవు కనిపిస్తే బందెలదొడ్డి. ఇవన్నీ పాత భాగాల్లో చెప్పుకున్నవే. పిడుదుల కథలో అసలు ముఖ్యమైనది ఇంకొకటి: అడవికి నిప్పు పెట్టడం నేరమైంది.

అంతకుముందు ఎండాకాలంలో కాపరులు కొండవాలు మీద ఎండుగడ్డి తగలబెట్టేవాళ్లు. తొలకరి జల్లుకు లేత కసువు మొలవాలని. గడ్డి కాలితే గడ్డిపోచల మీద కాచుకున్న పిడుదు పిల్లలూ కాలతాయి. నిప్పు అదుపు తప్పితే అడవి పోతుందన్న అధికారుల భయంలో నిజం లేకపోలేదు. ఎర్రచందనం మొక్క నిప్పుకు తట్టుకోదు. కాని ఆ నిషేధంతో పాటు మేతభూమిని శుభ్రం చేసే ఒక పాత పద్ధతి కూడా పోయిందన్న ఆలోచన ఆ చట్టం రాసినవాళ్లకు ఉండే అవకాశం లేదు. పిడుదు రోగాన్ని మోస్తుందని లోకానికి రుజువై అప్పటికి ఇంకా 11 ఏళ్లు ఉంది. పైగా రిజర్వు గీత గీశాక ఊరి మంద మొత్తం మిగిలిన బీడు మీద, చెరువు మునక మీద కుక్కుకుంది. ఒకే చోట ఎక్కువ పశువులు మేస్తే పిడుదుకు పండగే. అడవి శాఖ, రైతు ఇద్దరూ తమ తమ పక్షాన న్యాయంగానే ఉన్న ఆ తగవులో మూడో పక్షం గెలిచింది.

ఆ రుజువు ఎలా వచ్చిందో చెప్పడానికి సముద్రం దాటాలి.

అమెరికాలో 1865 తర్వాత టెక్సాస్ నుంచి లక్షల పశువులను ఉత్తరాదికి తోలుకుపోయేవాళ్లు. టెక్సాస్ ఆవులు శుభ్రంగా, పుష్టిగా ఉండేవి. కాని అవి నడిచిపోయిన దారిలో మేసిన ఉత్తరాది ఆవులు కాఫీ రంగు మూత్రం పోసి కుప్పకూలేవి. కాన్సాస్, మిస్సోరి రైతులు తుపాకులు పట్టుకుని మందలను అడ్డుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న పశువు రోగాన్ని ఎలా తెస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. కాపరులు పిడుదే కారణమంటే చదువుకున్నవాళ్లు నవ్వారు.

1889లో ప్రభుత్వ పశుశాఖ శాస్త్రవేత్తలు థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ వాషింగ్టన్ దగ్గర ఒక పరీక్ష పెట్టారు. ఒక దొడ్డిలో పిడుదులతో ఉన్న దక్షిణాది ఆవులను ఉత్తరాది ఆవులతో కట్టేశారు. ఇంకో దొడ్డిలో దక్షిణాది ఆవుల ఒంటి మీది పిడుదులను చేత్తో ఏరి, శుభ్రం చేసి కట్టేశారు. మా అవ్వ బుడ్డిదీపం వెలుగులో చేసిన పనే. మొదటి దొడ్డిలో ఉత్తరాది ఆవులకు జ్వరం వచ్చింది. రెండో దొడ్డిలో రాలేదు. 1893లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక పురుగు కుట్టి ఒక పశువు నుంచి ఇంకో పశువుకు రోగాన్ని చేరుస్తుందని లోకంలో మొదటిసారి తేలింది. నాలుగేళ్ల తర్వాత, 1897లో, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దారికి పిడుదు ముందు నడిచింది.

తెలుసుకున్నాక అమెరికా ఊరుకోలేదు. 1906లో పిడుదు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. దక్షిణాది రాష్ట్రాల్లో సిమెంటు తొట్లు కట్టి, వాటిలో పాషాణం కలిపిన నీళ్లు నింపి, ప్రతి రెండు వారాలకు ప్రతి ఆవునూ అందులో ముంచి తియ్యాలన్నారు. ముంచకపోతే జరిమానా. ముంచిన గుర్తు లేని ఆవు జిల్లా దాటకూడదు. పెద్ద పెద్ద మందల యజమానులకు ఇది లాభం, ఉత్తరాది సంత తెరుచుకుంటుంది. నాలుగు ఆవులున్న పేద రైతుకు మాత్రం రెండు వారాలకోసారి ఒక పని రోజు పోతుంది. అతని పాలు ఉత్తరాదికి పోవు, లాభం లేదు. అందుకే రాత్రిళ్లు తొట్లను డైనమైట్‌తో పేల్చేశారు. తనిఖీ అధికారుల మీద కాల్పులు జరిగాయి. 1930ల్లో ఫ్లారిడాలో పిడుదులకు ఆశ్రయమిస్తున్నాయని వేల జింకలను కాల్చి చంపారు. చివరికి 1943 నాటికి, మెక్సికో సరిహద్దులో కాపలా పెట్టిన ఒక పట్టీ తప్ప, ఆ దేశం పిడుదు జ్వరం నుంచి బయటపడింది. ఆ పట్టీలో ఈ రోజుకీ గుర్రాల మీద కాపలా తిరుగుతున్నారు.

ఇక్కడొక మలుపు ఉంది. ఇది మన సీమ గర్వపడాల్సిన మలుపు. పిడుదు చట్టాలతో ఒకవైపు పోరాడుతూనే పడమటి దేశాలు పిడుదుకు లొంగని ఆవు కోసం వెతికాయి. అది మన దగ్గర దొరికింది. 19వ శతాబ్దం నుంచే ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌కు ఓడలెక్కాయి. అక్కడ వాటి పేరు నెలోరే, అంటే మన నెల్లూరే. ఇవాళ బ్రెజిల్ మందల్లో అత్యధికం ఆ నెత్తురే. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట, నాయుడుపేట పల్లెలు పాత నెల్లూరు జిల్లావే. ఆ పల్లెల్లో మేసిన జాతి అమెజాన్ అంచుల్లో పిడుదుకు ఎదురు నిలిచింది. పిడుదు కూడా మన వైపుదే. ఆస్ట్రేలియాకు అది 1872లో బటావియా నుంచి ఓడలో పోయిన పశువుల మీద డార్విన్ రేవులో దిగిందని చెబుతారు. తెగులూ, దానికి విరుగుడూ రెండూ ఈ ఖండం నుంచే బయల్దేరాయన్నమాట.

మన దగ్గర తొట్టి ఎందుకు కట్టలేదు?

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అమెరికాలో తొట్లు పేలుతున్న రోజులవి. మద్రాసులో పశువైద్య కళాశాల అప్పటికే 1903లో మొదలై ఉంది. అక్కడ చదివిన పశువైద్యులకు పిడుదు సంగతి తెలుసు. అయినా ఒక్క తొట్టి చట్టం కూడా రాలేదు.

ఒక కారణం ముందే చెప్పాను. నాటు పశువు పిడుదుతో చావదు. చావుల సంఖ్య లేని చోట సర్కారు కలం కదలదు. ముసరతో దుక్కిటెద్దులు చస్తే సేద్యం ఆగుతుంది, సేద్యం ఆగితే శిస్తు ఆగుతుంది. కాబట్టి ముసర మీద చట్టం వచ్చింది. 1940లో మద్రాసు ప్రభుత్వం ముసర మీద ప్రత్యేకంగా ఒక చట్టం, పశువుల అభివృద్ధి పేరుతో ఇంకో చట్టం చేసింది. రెండో దాని ప్రకారం ఊళ్లో దున్నపోతుకూ ఆబోతుకూ లైసెన్సు కావాలి, పనికిరానిదని తేలితే విత్తులు కొట్టించాలి. ఆబోతు దాకా వచ్చిన సర్కారు ఆబోతు ఒంటి మీది పిడుదు దాకా రాలేదు.

ఇంకో కారణం మన ఊరి నిర్మాణం. అమెరికాలో మంద ఒకరిది, కంచె ఒకటి. మన ఊళ్లో ఇంటికి రెండు పశువులు, అన్నీ కలిసి ఒకే బీడులో మేస్తాయి. ఊరికి ఒక తొట్టి కట్టినా అందులో పాషాణం. పక్కనే తాగునీటి బావి, చెరువు. పాలిచ్చే ఆవును విషం నీళ్లలో ముంచమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? నిజం చెప్పాలంటే ఆ తొట్టి ఇక్కడికి రాకపోవడమే మేలైంది. నా ఫిర్యాదు తొట్టి రాలేదని కాదు. దాని స్థానంలో మనకు తగిన ఊరుమ్మడి ఏర్పాటు ఏదీ రాలేదని.

స్వాతంత్ర్యం వచ్చాక ముసర మీద యుద్ధం మాత్రం గొప్పగా సాగింది. 1954లో దేశమంతటా ముసర నిర్మూలన కార్యక్రమం మొదలైంది. టీకా వేసేవాళ్లు ఊరూరూ తిరిగారు. రాష్ట్రాల సరిహద్దుల్లో పశువుల తనిఖీ కేంద్రాలు వెలిశాయి. దేశంలో ముసర చివరిసారి కనిపించింది 1995లో, మన చిత్తూరుకు ఆనుకునే ఉన్న తమిళనాడు ఉత్తర ఆర్కాటులో. 2006లో దేశం, 2011లో ప్రపంచం ముసర నుంచి విముక్తి పొందాయి. పశువుల రోగాల్లో మనిషి భూమి మీద నుంచి పూర్తిగా తుడిచేసింది ఇదొక్కటే. ప్రభుత్వం తలచుకుంటే చెయ్యగలదనడానికి మన గుమ్మం ముందే నిలిచిన సాక్ష్యం అది.

కొత్త ఆవు, పాత పిడుదు

ముసర మీద గెలుస్తున్న రోజుల్లోనే కొట్టంలో ఇంకో మార్పు వచ్చింది. 1955లో తిరుపతిలో పశువైద్య కళాశాల పెట్టారు. పంచవర్ష ప్రణాళికలతో కృత్రిమ గర్భధారణ కేంద్రాలు వచ్చాయి. వేరుశనగ నాలుగేళ్లకు రెండేళ్లు ఎండే నేలలో పాడి ఒక్కటే దిక్కని ప్రభుత్వం అనుకుంది. అది సరైన ఆలోచనే. 1970ల్లో కరువు ప్రాంతాల అభివృద్ధి పథకం, ఆ తర్వాత సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద బ్యాంకు అప్పుతో జెర్సీ సంకరం ఆవులు ఇళ్లకు వచ్చాయి. చెవికి ఇన్సూరెన్సు బిళ్ల, చేతికి అప్పు కాగితం. ఉమ్మడి చిత్తూరు జిల్లా రాష్ట్రంలో సంకర జాతి ఆవులకు పెట్టింది పేరయింది. రోజుకు రెండు లీటర్లు ఇచ్చే నాటు ఆవు స్థానంలో పది లీటర్ల ఆవు. ఆడపిల్లల చదువులు, పెళ్లిళ్లు ఆ పాల డబ్బుతో గడిచిన ఇళ్లు వేలు.

కాని ఆ ఆవు చర్మం వేరు. దాని పూర్వీకులు పుట్టిన జెర్సీ దీవిలో మన పిడుదు లేదు. పిడుదులు కుప్పలుగా పట్టాయి. వాటి వెంట జ్వరాలూ వచ్చాయి. బెబీసియా సోకితే మూత్రం కాఫీ రంగుకు మారుతుంది. థైలేరియా సోకితే జబ్బ ముందర గడ్డ ఉబ్బుతుంది, ఒళ్లు కాలిపోతుంది, కళ్ల లోపలి పొర తెల్లబోతుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. నూరేళ్ల కిందట కాన్సాస్ రైతు చూసిన చావును చిత్తూరు రైతు తన కొట్టంలో చూశాడు. తేడా ఒకటే. కాన్సాస్‌లో పిడుదు బయటి నుంచి వచ్చింది, ఇక్కడ ఆవు బయటి నుంచి వచ్చింది. ఆవు చచ్చిన రోజు బిళ్ల ఉన్న చెవిని కోసి ఇన్సూరెన్సుకు చూపించాలి. పరిహారం వచ్చేదాకా అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కోసిన చెవిని గుడ్డలో చుట్టుకుని బస్సెక్కిన ఆడవాళ్లను ఈ సీమ చాలామందిని చూసింది.

ఆవును ఇచ్చిన పథకాల్లో ఆవుకు మేత ఉంది, షెడ్డుకు లెక్క ఉంది, ఇన్సూరెన్సు ఉంది. పిడుదుల పోరును మాత్రం ఇంటి ఆడమనిషికి వదిలేశారు. కొత్త ఆవును తెచ్చినవాళ్లే దానితో పాటు ఊరంతటికీ పిడుదుల అదుపు ఏర్పాటు కూడా తేవాల్సింది. తేలేదు. ఈ కథలో ప్రభుత్వం చేసిన అసలు తప్పు ఇదే.

ఏర్పాటు లేని చోటికి పొడి వచ్చింది. బీహెచ్‌సీ, మన పల్లె నోట గమాక్సిన్. చీమలకు అదే, నల్లులకు అదే, పిల్లల తల పేలకు అదే, ఆవు పిడుదులకూ అదే. గుడ్డలో మూటకట్టి ఆవు వీపు మీద తట్టేవాళ్లు. ఆవు ఒళ్లు నాక్కుంటుంది. ఆ మందు కొవ్వులో కరుగుతుంది, కొవ్వుతో పాటు పాలల్లోకి వస్తుంది. తర్వాతి కాలంలో దేశంలో అనేక చోట్ల పాలను, తల్లిపాలను కూడా పరీక్షిస్తే డీడీటీ, బీహెచ్‌సీ అవశేషాలు బయటపడ్డాయి.

ఈ మందుల మీద మాత్రం చట్టం వచ్చింది. దానికి కారణం ఒక విషాదం. 1958లో కేరళలో గోధుమపిండితో పాటు ఓడలో రవాణా అయిన పురుగుమందు పిండిలో కలిసి వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే 1968లో పురుగుమందుల చట్టం చేశారు. ప్రతి మందునూ కేంద్రంలో నమోదు చెయ్యాలి. డబ్బా మీద ఎంత విషమో చెప్పే రంగు గుర్తు ఉండాలి: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. 1989లో సేద్యంలో డీడీటీని ఆపారు. 1997లో బీహెచ్‌సీని పూర్తిగా నిషేధించారు. గమనించారా, ప్రభుత్వం పిడుదును అదుపు చెయ్యడానికి కాదు, పిడుదును చంపే మందును అదుపు చెయ్యడానికి వచ్చింది. ఆ పని అవసరమే. ఆ పని చెయ్యకపోయి ఉంటే ఇంకెన్ని ఇళ్లు విషం తాగేవో. కాని గమాక్సిన్ తీసేసిన చోట రైతు చేతిలో ఏమి పెట్టారు?

డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్, ఐవర్‌మెక్టిన్ సూది. మంచి మందులే. వాడే తీరు చెప్పే మనిషే కరువు. సీసా మూతతో కొలిచి బకెట్లో కలపాల్సినదాన్ని అంచనాగా పోస్తారు. నీళ్లు ఎక్కువైతే పిడుదు చావదు, మందుకు అలవాటు పడుతుంది. మందు ఎక్కువైతే ఆవు నురగ కక్కుతుంది. చల్లిన తర్వాత ఇన్ని రోజులు పాలు పొయ్యకూడదని డబ్బా మీద ఉంటుంది, కాని పాల కేంద్రానికి ఒక పూట పాలు పొయ్యకపోతే ఆ పూట డబ్బు లేదు. ఒక ఇల్లు మందు కొట్టి పక్కిల్లు కొట్టకపోతే నెలలో అవే పిడుదులు తిరిగొస్తాయి. ఇప్పుడు దేశంలో చాలా చోట్ల ఈ మందులకు పిడుదులు లొంగడం లేదని పశువైద్య పరిశోధనలు చెబుతున్నాయి.

2009లో పార్లమెంటు పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం చేసింది. అంతకుముందు రాష్ట్రానికొక చట్టం ఉండేది, ఇప్పుడు దేశమంతటికీ ఒకటే. దాని పట్టికలో బెబీసియోసిస్ ఉంది, థైలేరియోసిస్ ఉంది. రోగం అనుమానం వస్తే యజమాని పంచాయతీకో గ్రామాధికారికో తెలపాలి, పశువును వేరు చెయ్యాలి, ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించి రాకపోకలు ఆపవచ్చు. 1866 నాటి ఆలోచన 143 ఏళ్ల తర్వాత కొత్త చొక్కా వేసుకుంది. రోగం పట్టికకు ఎక్కింది, దాన్ని మోసే పిడుదు మాత్రం ఇప్పటికీ ఎక్కలేదు. ముసరకు పశువును ఆపితే చాలు. పిడుదు మట్టిలో ఉంటుంది, గోడలో ఉంటుంది, సంత నేలలో ఉంటుంది. పుంగనూరు సంతలో కొన్న ఆవును తెల్లారేసరికి మూడు రాష్ట్రాల్లో ఏ రాష్ట్రానికైనా తోలుకుపోవచ్చు. దాని చెవిలోని పిడుదుకు తనిఖీ కేంద్రం లేదు.

2022లో లంపీ చర్మవ్యాధి దేశాన్ని వణికించింది. ఈగలు, దోమలు, పిడుదులు దాన్ని మోస్తాయన్నారు. సంతలు మూశారు, మేకల మశూచి టీకాను ఆవులకు వేశారు. కొట్టాల్లో మందు చల్లమని అప్పుడు మాత్రం దండోరా వేశారు. ఆ హడావిడి సద్దుమణిగాక దండోరా కూడా ఆగిపోయింది.

పాడి మీద బతికే ఈ జిల్లాల రైతులకు ఒక మాట. పిడుదుల మందు ఒక్క ఇంటి పని కాదు, ఊరి పని. ఊరంతా ఒకే రోజు కొట్టి, అదే రోజు కొట్టం గోడ నెర్రెలు పూడ్చి సున్నం కొట్టండి. మూడు వారాలకు మళ్లీ అదే పని చెయ్యండి. మందు మోతాదు పశువైద్యుణ్ణి అడిగి కలపండి. జ్వరం అనుమానం వస్తే 1962కు ఫోన్ చెయ్యండి. గ్రామసభలో ఆ రోజును పంచాయతీ చేత తీర్మానం చేయించండి. ఏ చట్టమూ దానికి అడ్డు లేదు.

వచ్చే భాగంలో పాల క్యాను వెంట పోదాం. చిత్తూరు సహకార పాల డెయిరీ ఎలా పెరిగింది, 2002లో ఎందుకు మూతపడింది, ఆ పాలు ఆ తర్వాత ఎవరి క్యాన్లలోకి పోయాయి అన్నది పదో భాగం.